నాడీ కణం భాగాలు, వాటి పనులు: తరచుగా అడిగే ప్రశ్నలు

నాడీ కణం అనగానే అందరికీ గుర్తొచ్చేది ఒకే బొమ్మ. ఒకవైపు కొమ్మలు కొమ్మలుగా ఉన్న గుండ్రటి ముద్ద, దాన్నుంచి ఒక తోక, తోక మీద పూసల్లా తొడుగులు, చివర మళ్లీ నాలుగు కొమ్మలు. బొమ్మ మంచిదే గానీ కొన్ని అబద్ధాలు కూడా చెబుతుంది, ఆ అబద్ధాల దగ్గరే చాలామందికి సందేహాలు మొదలవుతాయి. ఎక్కువగా వినిపించే ప్రశ్నలకు నాకు తోచిన వరసలో జవాబులు ఇవి.

నాడీ కణం, న్యూరాన్, నరం... మూడూ ఒకటేనా?

మొదటి రెండూ ఒకటే, నరం వేరు. మన మాటల్లో ఈ గందరగోళం కాస్త ఎక్కువే. చేతి మీద నీలంగా ఉబ్బి కనిపించేదాన్నీ నరమే అంటాం, నిజానికి అది రక్తం మోసే సిర. పిక్క పట్టేసినా నరం పట్టేసిందంటాం, అక్కడ పట్టేసింది కండరం. శాస్త్రంలో నరం అంటే వందలు, వేల నాడీ కణాల పొడవాటి తోకలు ఒక కట్టగా చుట్టి ఉన్న తాడు లాంటిది, మధ్యలో సన్నటి రక్తనాళాలు కూడా ఉంటాయి. ఆ కణాల అసలు ముద్దలు మాత్రం నరంలో ఉండవు, మెదడులోనో వెన్నుపాములోనో వాటి బయట గాంగ్లియా అనే చిన్న ముడుల్లోనో ఉంటాయి. అన్నట్టు "నరం లేని నాలుక" అన్న మాట తిట్టడానికి బాగుంటుంది గానీ, నాలుకకు కదలికకొకటి, స్పర్శకొకటి, రుచికి ఇంకో రెండు నరాలున్నాయి.

అసలు ఎన్ని భాగాలు? ఒక పుస్తకంలో మూడంటారు, ఇంకోదాంట్లో ఏడు.

ఎవరు ఎంత వివరంగా లెక్కపెట్టారన్నదే తేడా. పెద్దవి మూడు: కణదేహం (గుండ్రటి ముద్ద), డెండ్రైట్లు (దాని చుట్టూ ఉన్న కొమ్మలు), ఆక్సాన్ (పొడవాటి తోక). ఆక్సాన్ మొదలు, మయలిన్ తొడుగు, రాన్వియర్ కణుపులు, చివరి గుబ్బలు వీటిని విడివిడిగా రాస్తే ఏడు అవుతాయి. మయలిన్ అయితే నిజానికి ఆ నాడీ కణానిదే కాదు, పక్కనుండే వేరే కణం వచ్చి చుట్టుకున్న చుట్ట. పరీక్షకు మీ పుస్తకం లెక్కే రాయండి, అర్థం చేసుకోవడానికి మాత్రం ఒక్క ప్రశ్న చాలు: కబురు ఎటునుంచి వస్తోంది, ఎటు పోతోంది?

కణదేహం పని ఏంటి?

కణాన్ని బతికించడం. కేంద్రకం ఇక్కడే ఉంటుంది, ప్రొటీన్ల తయారీలో ఎక్కువ భాగం ఇక్కడే జరుగుతుంది. రంగు వేసి చూస్తే కణదేహంలో ముదురు మచ్చలు కనిపిస్తాయి, వాటినే నిస్సల్ కణికలు అంటారు, ఫ్రాంజ్ నిస్సల్ అనే జర్మన్ వైద్యుడి పేరు మీద. అవి కొత్త వస్తువేమీ కాదు, ప్రొటీన్లు తయారుచేసే రైబోజోములు అంటుకున్న అంతర్జీవ ద్రవ్యజాలం గుంపులు గుంపులుగా ఉండటమే. అంత దట్టంగా ఎందుకున్నాయంటే, ఈ ఒక్క ముద్ద తనకంటే ఎన్నో రెట్లు పెద్దదైన తోకకు కూడా సరుకు పంపాలి కాబట్టి.

ఎదిగిన నాడీ కణం మామూలుగా రెండుగా విడిపోదు. మీకు పదేళ్లప్పుడు ఉన్న కణాల్లో చాలావరకు మీతోపాటే ముసలివవుతాయి.

డెండ్రైట్లు అన్ని కొమ్మలుగా ఎందుకుంటాయి?

వినడానికి. ఒక్కో కొమ్మ మీద వేరే కణాల చివర్లు వచ్చి వాలడానికి చోటు కావాలి. కొమ్మలెక్కువైతే చోటు ఎక్కువ. చాలా కణాల్లో ఈ కొమ్మల మీద ముళ్లలాంటి చిన్న చిన్న బుడిపెలు కూడా ఉంటాయి. ఇవి స్థిరంగా ఉండిపోయేవి కావు. కొత్తగా ఏదైనా నేర్చుకునేటప్పుడు కొన్ని పుడతాయి, కొన్ని లావవుతాయి, కొన్ని మాయమవుతాయి. నేర్చుకోవడం అన్నది మెదడులో ఎక్కడో గాల్లో జరిగే పని కాదు, ఇలాంటి చోట్ల ఆకారం మారడం కూడా అందులో భాగమే.

డెండ్రైట్లలో రాజు లాంటిది చిన్నమెదడులోని పర్కింజీ కణం. 1837లో యాన్ పర్కింజీ వర్ణించిన ఈ కణం కొమ్మలు విసనకర్రలా ఒకే తలంలో పరుచుకుని ఉంటాయి, దాని మీద లక్షకు పైగా సంధులు, అంటే వేరే కణాల చివర్లు వచ్చి కలిసే చోట్లు, ఉంటాయి. లక్ష మంది చెప్పేది ఒకరే వినడం అన్నమాట. దాని బొమ్మ ఒక్కసారి చూస్తే పుస్తకంలోని ఐదు కొమ్మల డెండ్రైట్ల మీద నమ్మకం పోతుంది.

బొమ్మలో ఆక్సాన్ జానెడు కూడా లేదు, నిజంగా ఎంత ఉంటుంది?

బొమ్మ చెప్పే అతిపెద్ద అబద్ధం ఇదే. కొన్ని కణాల ఆక్సాన్ మిల్లీమీటరు కూడా ఉండదు. కానీ నడుము దగ్గర వెన్నుపాము నుంచి పాదం దాకా వెళ్లే ఆక్సాన్లు పెద్దవాళ్లలో మీటరు దాకా ఉంటాయి, అదీ ఒకే ఒక్క కణం. ఆ కణదేహం వెడల్పు మాత్రం మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు అనుకోండి. ఇప్పుడు ఆ కణదేహాన్ని ఫుట్‌బాల్ అంత చేసి, మిగతాదాన్నీ అదే కొలతలో పెంచితే ఆక్సాన్ నాలుగు కిలోమీటర్లకు పైనే సాగుతుంది. ఏ పుస్తకం పేజీలో పడుతుంది చెప్పండి? అందుకే కుదించి గీస్తారు, తప్పులేదు, కానీ కుదించామని ఎక్కడా రాయరు.

ఒక కణానికి ఆక్సాన్ సాధారణంగా ఒక్కటే. అయితే చివరకు వచ్చేసరికి వందల కొమ్మలుగా చీలి, ఒకే కబురును అనేక చోట్లకు అందించగలదు.

కబురు పంపాలా వద్దా అని కణంలో ఎవరు తేలుస్తారు?

నన్నడిగితే నాడీ కణంలో అన్నిటికంటే ఆసక్తికరమైన చోటు ఇదే, పాఠాల్లో అన్నిటికంటే తక్కువ చెప్పేదీ దీని గురించే. కణదేహం నుంచి ఆక్సాన్ బయల్దేరే చోట చిన్న మిట్టలా ఉంటుంది, దాన్ని ఆక్సాన్ మిట్ట అనొచ్చు. దాన్ని దాటగానే వచ్చే మొదటి ముక్క పొరలో సోడియం చానెళ్లు, అంటే సోడియంను లోపలికి వదిలే చిన్న తలుపులు, కిక్కిరిసి ఉంటాయి. నిర్ణయం జరిగేది ఇక్కడ.

ఏమీ జరగనప్పుడు కణం లోపలివైపు బయటితో పోలిస్తే దాదాపు మైనస్ 70 మిల్లీవోల్టుల దగ్గర ఉంటుంది. డెండ్రైట్ల మీదకు వచ్చే కబుర్లలో కొన్ని దీన్ని సున్నా వైపు కొంచెం జరుపుతాయి, "పంపు" అన్నట్టు. కొన్ని ఇంకా కిందికి లాగుతాయి, "వద్దు" అన్నట్టు. ఒక్కో కబురు ప్రభావం చాలా చిన్నది, దారిలో నీరసపడిపోతుంది కూడా. కానీ ఒకేసారి అనేకం వచ్చినా, ఒకటే వెంటవెంటనే వచ్చినా, అన్నీ కలిసి ఆక్సాన్ మొదటి ముక్క దగ్గర వోల్టేజీని మైనస్ 55 దరిదాపులకు చేర్చాయంటే అక్కడి సోడియం చానెళ్లు ధడాలున తెరుచుకుంటాయి. ఇక వెనక్కి తగ్గేది లేదు, కబురు బయల్దేరినట్టే. ఆ గీత దాటకపోతే అసలేమీ జరగదు. సగం కబురు అన్నది ఉండదు.

"వద్దు" అనే కబుర్లను తేలిగ్గా తీసుకోకండి. అవి లేకపోతే మెదడులో ఒక కణం ఇంకోదాన్ని, అది మరోదాన్ని రెచ్చగొట్టుకుంటూ పోతాయి. మూర్ఛ వచ్చినప్పుడు జరిగేది చాలావరకు అలాంటి అదుపు తప్పడమే.

ఇది కరెంటే కదా, మరి షాక్ కొట్టదేం?

తీగలో పారే కరెంటు లాంటిది కాదు ఇది. తీగలో ఎలక్ట్రాన్లు తీగ పొడవునా కదులుతాయి. ఇక్కడ ఆవేశమున్న సోడియం, పొటాషియం అయాన్లు పొరకు అడ్డంగా, బయటి నుంచి లోపలికీ లోపలి నుంచి బయటికీ దాటుతాయి. సోడియం లోపలికి దూసుకొస్తే ఆ చోట వోల్టేజీ ప్లస్ 30, 40 దాకా ఎగురుతుంది, వెంటనే పొటాషియం బయటికి పోయి మళ్లీ కిందికి దించుతుంది. మొత్తం తతంగం ఒకటి రెండు మిల్లీసెకన్లు. ఒక చోట జరిగింది పక్క చోటును తట్టిలేపుతుంది, అది దాని పక్కదాన్ని, ఇలా కబురు ఆక్సాన్ వెంట నడుస్తుంది. సగటున ఒక్కో అయాను కదిలేది అతి కొంచెం, ముందుకు పోయేది అల మాత్రమే.

దీన్ని కొలిచి లెక్కల్లో పెట్టినవాళ్లు అలన్ హాడ్జ్‌కిన్, ఆండ్రూ హక్స్‌లీ, 1952లో. వాళ్లకు కలిసొచ్చింది స్క్విడ్ అనే సముద్ర జీవి. దాని ఆక్సాన్లలో ఒకటి దాదాపు అర మిల్లీమీటరు లావు ఉంటుంది, అంటే కంటికి కనిపిస్తుంది, లోపలికి ఎలక్ట్రోడ్ దూర్చొచ్చు. 1963లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

అయాన్లు అటూ ఇటూ మారాక తిరిగి సర్దే పని సోడియం పొటాషియం పంపుది, ఒక్కో విడతకు మూడు సోడియంలను బయటికి తోసి రెండు పొటాషియంలను లోపలికి తెస్తుంది. ఇది ఊరికే జరగదు, కణానికి ఇంధనం లాంటి ఏటీపీ ఖర్చవుతుంది. శరీర బరువులో 2 శాతమే ఉండే మెదడు ఒళ్లు వాడే శక్తిలో 20 శాతం దాకా లాగేస్తుందంటే దానికి పెద్ద కారణం ఈ సర్దుబాటే.

దెబ్బ గట్టిగా తగిలితే కబురు పెద్దదవుతుందా?

కాదు. ఒకే ఆక్సాన్‌లో ప్రతి కబురూ ఒకే ఎత్తు. గట్టి దెబ్బకు కబుర్లు దగ్గర దగ్గరగా వస్తాయి, ఎక్కువ కణాలు పంపుతాయి. అంతే తేడా.

మయలిన్ తొడుగు కరెంటు తీగ మీద ప్లాస్టిక్ లాంటిదేనా?

సగం వరకే ఆ పోలిక పనికొస్తుంది. కొవ్వు ఎక్కువున్న పొర, ఆక్సాన్ చుట్టూ చాప చుట్టినట్టు పదుల చుట్లు తిరిగి ఉంటుంది, అయాన్లను కారిపోనివ్వదు. చేతులు, కాళ్ల నరాల్లో ఈ చుట్టే పని ష్వాన్ కణాలది, ఒక కణం ఒక్క ముక్కనే చుడుతుంది. మెదడు, వెన్నుపాములో ఆలిగోడెండ్రోసైట్లు చుడతాయి, అవి ఒక్కొక్కటే పదుల ముక్కలు చుట్టగలవు.

ప్లాస్టిక్ పోలిక తప్పేది ఎక్కడంటే, ఈ తొడుగు మధ్యమధ్యలో తెగి ఉంటుంది, ఆ ఖాళీలు లోపం కాదు, ముఖ్యమైనవే అవి. వాటినే రాన్వియర్ కణుపులు అంటారు. ఒక్కోటి మైక్రోమీటరు అటూ ఇటూ ఉండే సన్నని సందు, ఒకదానికీ ఇంకోదానికీ దూరం సుమారు ఒక మిల్లీమీటరు. సోడియం చానెళ్లన్నీ ఆ సందుల్లోనే గుంపు కట్టి ఉంటాయి. దాంతో కబురు అడుగడుగునా పుట్టాల్సిన పని లేకుండా కణుపు నుంచి కణుపుకు గెంతినట్టు పోతుంది. తొడుగు లేని సన్నని ఆక్సాన్‌లో వేగం సెకనుకు మీటరు అటూ ఇటూ, అంటే మనం నడిచే వేగం. లావుగా, తొడుగుతో ఉన్నదాంట్లో సెకనుకు 120 మీటర్ల దాకా.

వేగం పెంచడానికి ఇంకో దారి ఆక్సాన్‌ను లావు చేయడం, స్క్విడ్ చేసింది అదే. అంత లావు చేసినా దానికి దక్కింది సెకనుకు పాతిక మీటర్ల లోపే. మన వెన్నుపాములోని ఆక్సాన్లన్నీ అర మిల్లీమీటరు లావుండాలంటే వెన్నెముక ఎంత లావుండాలో ఊహించుకోండి.

ఈ తేడా మీకు ఇప్పటికే అనుభవం. కాలి బొటనవేలు గడపకు కొట్టుకుంటే ముందు చురుక్కుమంటుంది, ఆ తర్వాత ఒక క్షణం ఆగి అసలు సలుపు మొదలవుతుంది. మొదటిది పలుచటి తొడుగున్న ఆక్సాన్లు తెచ్చిన కబురు, రెండోది తొడుగు లేనివాటిది. "ఇప్పుడు వస్తుంది చూడు" అని పళ్లు బిగబట్టే ఆ క్షణం మయలిన్ లేకపోవడం వల్ల వచ్చిన ఆలస్యం.

ఆ తొడుగు పాడైతే?

కబురు నెమ్మదిస్తుంది, తడబడుతుంది, ఆగిపోతుంది. మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో మన రోగనిరోధక వ్యవస్థే మెదడు, వెన్నుపాములోని మయలిన్ మీద దాడి చేస్తుంది. గిలాన్ బారే సిండ్రోమ్‌లో దాడి బయటి నరాల మీద. తిమ్మిరి, నీరసం ఎవరికైనా ఎన్నో కారణాల వల్ల వస్తాయి, ఇది చదివి మీకు మీరే జబ్బు అంటగట్టుకుని టెన్షన్ పడకండి, తగ్గకుండా ఉంటే డాక్టరుకు చూపించండి.

ఆక్సాన్ చివర తర్వాతి కణానికి అంటుకుని ఉంటుందా?

ఎక్కువచోట్ల ఉండదు. మధ్యలో 20 నుంచి 40 నానోమీటర్ల సందు ఉంటుంది. ఈ మొత్తం ఏర్పాటునే సినాప్స్ అంటాం, మన పుస్తకాల్లో నాడీ సంధి. కబురు చివరి గుబ్బకు చేరగానే కాల్షియం లోపలికి వస్తుంది, అది రాగానే అక్కడ సిద్ధంగా ఉన్న చిన్న సంచులు పొరకు అతుక్కుని పగిలి, లోపలి రసాయనాన్ని సందులోకి వదులుతాయి. అవతలి ఒడ్డున ఆ రసాయనానికి సరిపోయే గ్రాహకాలుంటాయి. పని అయ్యాక రసాయనాన్ని ఎంజైములు విరగ్గొట్టడమో, వెనక్కి పీల్చుకోవడమో జరుగుతుంది, లేకపోతే కబురు ఆగకుండా మోగుతూనే ఉంటుంది. కొన్నిచోట్ల కణాలు నేరుగా కలిసి ఉండే విద్యుత్ సంధులు కూడా ఉన్నాయి గానీ అవి తక్కువ.

సందు దాటేది రసాయనమని తేల్చిన ప్రయోగం 1921 నాటిది. ఆటో లోవీ అనే శాస్త్రవేత్తకు ఆ ప్రయోగం కలలో తట్టిందట, అర్ధరాత్రి లేచి కాగితం మీద గీక్కుని పడుకుంటే పొద్దున తన రాత తనకే అర్థం కాలేదు. మర్నాటి రాత్రి మళ్లీ అదే కల. ఈసారి రాసుకోకుండా నేరుగా ప్రయోగశాలకు పోయాడు. ఒక కప్ప గుండెకు వెళ్లే వేగస్ నరాన్ని ప్రేరేపిస్తే అది నెమ్మదించింది, ఆ గుండె చుట్టూ ఉన్న ద్రవం తీసి ఇంకో గుండెకు పోస్తే అదీ నెమ్మదించింది. ఆ రసాయనం ఎసిటైల్ కోలిన్ అని తర్వాత తేలింది.

కబురు ఒకవైపే ఎందుకు పోతుంది?

రెండు కారణాలు. సందులో రసాయన సంచులు ఇవతల, గ్రాహకాలు అవతల, కాబట్టి ఎదురు కబురుకు దారి లేదు. ఇక ఆక్సాన్ లోపల, ఇప్పుడే తెరుచుకుని మూసుకున్న సోడియం చానెల్ కొన్ని మిల్లీసెకన్లు మొండికేస్తుంది, మళ్లీ తెరుచుకోదు. వెనకున్న చోటు అలా మొండికేసి ఉంటుంది కాబట్టి అల ముందుకే పోతుంది. ప్రయోగశాలలో ఆక్సాన్‌ను మధ్యలో ప్రేరేపిస్తే మాత్రం రెండువైపులా పోతుంది, అంటే తీగకు దిశ లేదు, మొదలయ్యే చోటును బట్టి దిశ వస్తుంది.

కణదేహంలో తయారైన సరుకు మీటరు దూరంలోని చివరకు ఎలా చేరుతుంది?

పట్టాల మీద. ఆక్సాన్ లోపల పొడవునా సూక్ష్మనాళికలుంటాయి, వాటి మీద కైనెసిన్ అనే ప్రొటీన్ సంచులను మోసుకుంటూ చివరవైపు నడుస్తుంది, డైనీన్ కణదేహంవైపు వెనక్కి తెస్తుంది. వేగంగా పోయేవి రోజుకు 400 మిల్లీమీటర్ల దాకా పోతాయి, అంటే పాదం చేరడానికి రెండు మూడు రోజులు. కొన్ని ప్రొటీన్లు రోజుకు మిల్లీమీటరు రెండు మిల్లీమీటర్లే కదులుతాయి. వెనక్కి వచ్చే ఈ దారినే రేబిస్ వైరస్ దొంగతనంగా వాడుకుంటుంది. కరిచిన చోటు నుంచి మెదడు చేరేలోపు టీకా పని మొదలుపెట్టాలి, అందుకే కుక్క కరిస్తే చూద్దాంలే అని ఆగకూడదు.

కాలు మీద కాలేసుకుని కూర్చుంటే తిమ్మిరెక్కుతుందే, అప్పుడు ఏ భాగానికి ఏమవుతుంది?

నరం మీద ఒత్తిడి పడి, దానికి రక్తం సరిగా అందక, ఆక్సాన్లలో కబుర్లు తాత్కాలికంగా ఆగుతాయి. లేచాక అవి సర్దుకునేటప్పుడు అడ్డదిడ్డంగా కబుర్లు పుడతాయి, అవే ఆ చీమలు పాకినట్టుండే పొడుపులు. పన్ను పీకేముందు ఇచ్చే మత్తు ఇంజెక్షన్ సంగతి వేరు, అది సోడియం చానెళ్లనే మూసేస్తుంది, కబురు పుట్టనే పుట్టదు.

తెగిన నరం మళ్లీ అతుక్కుంటుందా?

చేతిలో, కాలిలో అయితే ఆశ ఉంది. కణదేహం బతికుంటే ఆక్సాన్ రోజుకు సుమారు మిల్లీమీటరు చొప్పున పెరుగుతూ వస్తుంది, ష్వాన్ కణాలు దానికి దారి చూపిస్తాయి. మోచేతి దగ్గర తెగితే వేళ్ల దాకా రావడానికి నెలలు పడుతుంది. మెదడులో, వెన్నుపాములో పరిస్థితి వేరు, అక్కడి మయలిన్‌లోనే ఎదుగుదలను ఆపే పదార్థాలున్నాయి, గాయం చోట మచ్చ కణజాలం కూడా అడ్డుపడుతుంది.

అన్ని నాడీ కణాలూ ఇదే ఆకారమా?

కాదు. బొమ్మలో ఉండేది బహుధ్రువ కణం, కండరాలను కదిలించేది. కంటి రెటీనాలో ద్విధ్రువ కణాలున్నాయి, ఒకవైపు ఒక కొమ్మ, ఇంకోవైపు ఒకటి. చర్మం నుంచి స్పర్శ తెచ్చే కణాల్లో అయితే కణదేహం దారి పక్కన వేలాడుతుంటుంది, కబురు దాని గుండా వెళ్లాల్సిన పనే లేదు. డెండ్రైటు నుంచి కణదేహానికి, అక్కణ్ణుంచి ఆక్సాన్‌కు అని బట్టీపట్టినవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు.

మెదడులో ఇవి ఎన్ని ఉంటాయి?

దాదాపు 8,600 కోట్లు. పదివేల కోట్లు అన్న పాత అంకె ఇంకా తిరుగుతోంది. 2009లో సుజానా హెర్క్యులానో-హౌజెల్ బృందం మెదడు కణజాలాన్ని ద్రవంలా చేసి కేంద్రకాలను లెక్కపెట్టి ఈ అంకె తేల్చింది. అందులో 80 శాతం చిన్నమెదడులోనే ఉండటం విడ్డూరం.

ఇదంతా ముందుగా చూసిందెవరు?

1873లో కమిల్లో గాల్జీ వెండి లవణాలతో ఒక రంగు పద్ధతి కనిపెట్టాడు. ఆ రంగు వందలో ఏ కొద్ది కణాలకో మాత్రమే పడుతుంది, కానీ పడినదానికి కొమ్మకొసల దాకా పూర్తిగా నల్లగా పడుతుంది. అన్నిటికీ పడి ఉంటే నల్లటి మరక తప్ప ఏమీ కనిపించేది కాదు. అదే పద్ధతితో స్పెయిన్‌లో సాంటియాగో రామోన్ ఇ కహాల్ వేలకొద్దీ బొమ్మలు గీసి, ప్రతి కణం విడిగా ఉందని వాదించాడు. గాల్జీ మాత్రం అంతా కలిసిపోయిన వల అన్నాడు. 1906లో ఇద్దరికీ కలిపి నోబెల్ ఇచ్చారు, గాల్జీ తన నోబెల్ ప్రసంగంలో కూడా కహాల్ వాదాన్ని ఖండించాడు. మధ్యలో సందు ఉందని 1950లలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూసేదాకా పూర్తిగా తేలలేదు.

పరీక్షలో బొమ్మ గీసేటప్పుడు ఎక్కువమంది చేసే తప్పులేంటి?

మయలిన్‌ను కణదేహం అంచు నుంచే చుట్టేస్తారు. ఆక్సాన్ మొదటి ముక్కను ఖాళీగా వదలాలి. కణుపులు గీయకుండా తొడుగును ఒకే గొట్టంలా గీస్తారు. కబురు దిశకు బాణం పెట్టరు. రెండో కణం గీయమంటే చివరి గుబ్బను దానికి అతికించేస్తారు, అక్కడ సన్నగానైనా సందు వదలండి.